నడుం నొప్పి కూడా సంఘం ఎజెండాలోకి రావాలి

పోయిన నెల మా ఊళ్లో శాఖ సమావేశం కౌలు కార్డుల మీద పెట్టుకున్నాం. రామాలయం అరుగు మీద పాతికమందిమి కూర్చున్నాం. అరగంట గడవకముందే ఒక పెద్దాయన లేచి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "కూర్చుంటే నడుం పట్టేస్తంది, మీరు కానీయండి" అన్నాడు. పక్కనున్నాయన తన మోకాళ్ల సంగతి ఎత్తుకున్నాడు. ఇంకొకాయన మెడ దగ్గర్నుంచి చెయ్యి దాకా గుంజుతోందన్నాడు. ఇక కార్డుల మాట పక్కకు పోయింది. ఎవరు ఎక్కడ సూది వేయించుకుంటున్నారు, ఏ మాత్ర పనిచేస్తోంది, ఎవరికి ఆపరేషన్ అన్నారు, పావుగంట సేపు అదే మాట. కార్యదర్శిని కాబట్టి నేనే కల్పించుకుని "ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు కార్డుల సంగతి చూద్దాం" అన్నాను.

ఇంటికొచ్చాక అలా అని తప్పు చేశాననిపించింది. కార్డుల సంగతి, నడుం సంగతి వేర్వేరు కాదని నా ఒంటి మీద నాకే తెలిసొచ్చింది. తెలిసి కూడా ఆ మాటను ఆపేశాను. ఆ తప్పు దిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను.

బరువు తగ్గింది, నొప్పి పెరిగింది

నాకు 51 ఏళ్లు. సొంతానికి ఒక ఎకరం, కౌలుకు నాలుగు ఎకరాలు. మిర్చి వేస్తాను. పదేళ్ల కిందట ధాన్యం బస్తా ట్రాక్టరుకు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. మూడు వారాల్లో తగ్గింది. ఆ తర్వాత అప్పుడప్పుడూ పట్టేది, నాలుగు రోజులుండి పోయేది. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

2021లో నల్ల తామర పురుగు వచ్చింది. మిర్చి వేసినవాళ్లెవరూ ఆ ఏడాదిని మరచిపోరు. పురుగు పూతలోనే చేరింది, కాయ నిలవలేదు. మందు మీద మందు కొట్టాం. కౌలు కాకుండానే ఎకరాకు లక్షన్నర పైన పెట్టాను. చేతికొచ్చింది ఎకరాకు మూడు క్వింటాళ్లు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే నిలిచిపోయింది.

నా నొప్పి ముదిరింది ఆ ఏడే. ఒక్కసారి ఆలోచించండి. ఆ ఏడు నేను మోసిన టిక్కీలు తక్కువ. పంటే లేదు గదా, మోయడానికేముంది? అంతకుముందు దండిగా పండిన ఏళ్లలో రోజంతా మోసినా రాత్రికి పడుకుంటే తెల్లారేసరికి తేలికయ్యేది. బరువు తగ్గిన ఏడాదే నడుం వంగకుండా పోయింది. పొద్దున మంచం మీద నుంచి లేవడానికి పక్కకు దొర్లి, చెయ్యి ఆనించి, రెండు నిమిషాలు కూర్చుని లేవాల్సి వచ్చేది. అప్పిచ్చినాయన మోటారు సైకిలు చప్పుడు వీధిలో వినపడితే చాలు, నడుం కర్రలా బిగుసుకుపోయేది. అప్పట్లో ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

రెండేళ్లు మా ఊరి ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నాను. వేసిన రోజు హాయిగా ఉండేది. వారానికొకటి కాస్తా వారానికి రెండయ్యాయి. తర్వాత టౌనుకు పోయి స్కానింగ్ తీయించాను. డిస్కు అరిగింది, ఉబ్బింది అన్నారు. బెల్టు కొన్నాను. ఆపరేషన్ మాట వచ్చింది. దానికి మళ్లీ అప్పు చేయాలి. ఆ లెక్క వేసుకుంటూ పడుకుంటే నిద్ర లేదు. పొద్దున లేస్తే నొప్పి ఇంకాస్త ఎక్కువ.

2024 ఎండాకాలంలో ఒక మిత్రుడు బలవంతం చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ చూసింది, కాళ్లు ఎత్తించి చూసింది, సుత్తితో మోకాలి మీద కొట్టి చూసింది. ఆ తర్వాత "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతావు? అప్పు ఎంతుంది?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. "నడుం నొప్పని వస్తే అప్పు గురించి అడుగుతారేంటమ్మా? నేనేమైనా నటిస్తున్నానా?" అన్నాను. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. "నీ నొప్పి నిజమే. అది ఎందుకు తగ్గట్లేదో తెలుసుకోవడానికే అడుగుతున్నా" అంది. ఆమె చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకుంది మన భాషలో చెప్తాను.

మంచె మీద కాపలా

నొప్పి అంటే దెబ్బ తగిలిన చోట పుట్టి తీగ వెంబడి మెదడుకు చేరేదని అనుకుంటాం. అది సగమే నిజం. నరాలు కబురు మోసుకొస్తాయి. ఆ కబురు ఎంత ప్రమాదకరమైనదో తేల్చేది వెన్నుపాము, మెదడు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని ప్రతిపాదించారు. కింది నుంచి వచ్చే కబురును అది కొంత ఆపుతుంది, కొంత పోనిస్తుంది. మెదడు పైనుంచి పంపే ఆదేశాలు కూడా ఆ గేటును తెరుస్తాయి, మూస్తాయి. ఆ తర్వాత వివరాలు చాలా మారాయి గానీ, నొప్పిని పెంచడంలోనూ తగ్గించడంలోనూ మెదడుకు పాత్ర ఉందన్న సంగతి నిలబడింది. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో కూడా నొప్పిని శరీరానికీ భావోద్వేగానికీ సంబంధించిన అనుభవంగానే చెప్పింది. మూడు నెలలకు మించి ఉండేదాన్ని, లేదా పోయి మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు.

మనకు తెలిసిన పోలిక ఒకటి చెప్తాను. చేనులో అడవి పందులు పడతాయని మంచె మీద కాపలా ఉంటాం. ఏ భయమూ లేనప్పుడు ఆకు కదిలితే ఆకే అనుకుని పడుకుంటాం. ఒక్కసారి పందుల గుంపు పడి అరెకరం తొక్కిపోయిందనుకోండి, మర్నాటి నుంచి ఆకు కదిలినా లేచి కూర్చుంటాం, కుక్క మొరిగినా డబ్బా కొడతాం. కాపలావాడు అబద్ధమాడటం లేదు. భయం వల్ల ప్రతి చప్పుడూ అతనికి పందిలాగే వినపడుతోంది. నెలల తరబడి అప్పు, ధర, వాన, కోర్టు నోటీసు అనే భయాల మధ్య బతికే మనిషి ఒంట్లో కాపలా కూడా అలాగే అవుతుంది. మామూలుగా వంగినప్పుడు వచ్చే చిన్న కబురు కూడా పెద్ద ప్రమాదంలా తోస్తుంది.

ఇది ఊహ కాదు, ఒంట్లో జరిగే పని. ఆందోళన పడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పాము కనపడినప్పుడు అది మంచిదే, గంతేసి తప్పుకుంటాం. పాము పోగానే బిగువు సడలుతుంది. అప్పు అనే పాము మాత్రం పోదు. మెడ, భుజాలు, నడుం కండరాలు రోజుల తరబడి బిగిసే ఉంటాయి. నిద్ర తగ్గుతుంది. నిద్ర చాలని ఒళ్లు నొప్పిని తట్టుకోలేదు, నిన్న మోసిన బరువే ఇవాళ ఎక్కువ బాధిస్తుంది. నొప్పి వల్ల మళ్లీ నిద్ర పట్టదు. ఇలా నెలలు గడిస్తే నరాల వ్యవస్థే సున్నితమైపోతుంది. మొదట తగిలిన దెబ్బ మానినా నొప్పి మాత్రం నిలిచిపోతుంది.

రెండు తప్పుడు మాటలు

మన ఊళ్లల్లో నొప్పి గురించి రెండు మాటలు వినపడతాయి. రెండూ తప్పే.

మొదటిది, "ఎముకలు అరిగిపోయాయి, ఇక ఇంతే." 2015లో పరిశోధకులు ఏ నడుం నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగ్‌ల వివరాలు 33 అధ్యయనాల నుంచి ఒకచోట చేర్చి చూశారు. 50 ఏళ్ల వయసువారిలో 80 శాతం మందికి డిస్కు అరుగుదల కనపడింది. 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనపడింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే చాలామందికి డిస్కు కూడా అరుగుతుంది. స్కానింగ్‌లో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు, పని మానేయాలని అంతకన్నా కాదు. "నీ నడుం అయిపోయింది" అన్న మాటే మనిషిని భయపెట్టి, కదలనివ్వక, నొప్పిని పెంచుతుంది.

రెండోది, "ఏం లేదు, అంతా మనసులోదే." ఇది ఇంకా చెడ్డమాట. ముఖ్యంగా ఆడవాళ్లను ఈ మాటతోనే వెనక్కు పంపేస్తారు. ఆందోళన వల్ల పెరిగిన నొప్పి కూడా నిజమైన నొప్పే. దానికి కండరం ఉంది, నరం ఉంది, హార్మోను ఉంది. బరువు మోయడం, వంగి నాట్లు వేయడం, గొంతుకూర్చుని కాయ కోయడం, వీపున స్ప్రేయరు మోయడం, ఇవన్నీ ఒంటిని కష్టపెడుతున్నాయి. ఆందోళన వచ్చి ఆ కష్టాన్ని రెట్టింపు చేస్తోంది. ఒకటి ఉంది కాబట్టి రెండోది లేదనుకోకూడదు.

అప్పు నుంచి నొప్పి, నొప్పి నుంచి అప్పు

కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద అది 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలు. తెలంగాణలో 1,52,113 రూపాయలు. దేశ సగటు 74,121 రూపాయలు. ఈ లెక్కలు మనం ప్రతి ధర్నాలో చెప్తున్నవే. వాటిని ఒంటితో కలిపి ఎప్పుడూ చూడలేదు. పది ఇళ్లలో తొమ్మిది ఇళ్లు అప్పులో ఉన్నచోట, పది నడుముల్లో ఎన్ని బిగుసుకుని ఉంటాయో మీరే చూడండి.

నొప్పి వచ్చినవాడు పని తగ్గిస్తాడు. తన బదులు కూలీని పెట్టాలి. మాత్రలు, సూదులు, స్కానింగ్, ఆటో చార్జీలు. అప్పు పెరుగుతుంది, అప్పుతో ఆందోళన పెరుగుతుంది, ఆందోళనతో నొప్పి పెరుగుతుంది. కౌలు రైతుకు ఇంకో భయం కూడా ఉంది. నడుం పడిపోయిందని తెలిస్తే వచ్చే ఏడు ఆసామి పొలం ఇంకొకరికిస్తాడు. అందుకని నొప్పి దాచుకుని పని చేస్తాడు. చనిపోయిన రైతు గురించి ఒక రోజైనా పేపర్లో రాస్తారు. నొప్పితో ఇరవై ఏళ్లు సేద్యం చేసిన రైతు ఏ లెక్కలోకీ రాడు.

సూది గురించి ఒక హెచ్చరిక

అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆర్ఎంపీయే. ఆయన్ను తిట్టి లాభం లేదు. ప్రభుత్వ వైద్యం ఊరికి దూరమైనందువల్లే ఆయన మీద ఆధారపడ్డాం. కానీ ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు మనకుంది. వెంటనే హాయినిచ్చే సూదుల్లో ఎక్కువగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందో, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడో ఉంటుంది, కొన్నిసార్లు రెండూ ఉంటాయి. డైక్లోఫెనాక్ తరహా మందులు ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ, రక్తపోటు పెరగడం జరగవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఉన్న ఒంటికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు గానీ, అప్పటికే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఈ మాత్రలకు దూరంగా ఉండాలన్నది మాత్రం డాక్టర్లందరూ చెప్పేదే. స్టెరాయిడ్ పదే పదే పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలా కాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

కాబట్టి సూది వేయించుకునే ముందు మందు పేరు అడగండి. చీటీ మీద రాయించుకోండి. ఏడాదికోసారి ప్రభుత్వ ఆసుపత్రిలో కిడ్నీ, షుగరు, బీపీ పరీక్ష చేయించుకోండి.

మన చేతుల్లో ఉన్నవి

ముందు ఒక జాగ్రత్త. నొప్పితో పాటు కాలు బలం తగ్గి ఈడ్చుకుపోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, ఉచ్చ దొడ్డి అదుపు తప్పినా, జ్వరం గానీ కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉన్నా, ఎత్తు నుంచి పడిన తర్వాత నొప్పి మొదలైనా, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ ఆలస్యం చేయకూడదు. కింద చెప్పేవన్నీ అలాంటి ప్రమాదం లేదని డాక్టరు చూసి చెప్పిన తర్వాత పాటించాల్సినవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో రోగికి నొప్పి గురించి వివరంగా చెప్పడం, వ్యాయామం, మనసుకు సంబంధించిన చికిత్సలు, అవసరాన్ని బట్టి నొప్పి మందులు ఉన్నాయి. నడుం బెల్టులు, బరువు కట్టి లాగే ట్రాక్షన్, మత్తు తరహా నొప్పి మందులు మామూలుగా వాడవద్దని చెప్పింది. నేను కొన్న బెల్టు ఇప్పుడు దూలానికి వేలాడుతోంది.

నేను పాటించి ఫలితం చూసినవి చెప్తాను.

ఒకటి, నడక. "రోజంతా చేనులో తిరుగుతూనే ఉంటాం, ఇంకా నడకెందుకు?" అని నేనూ అడిగాను. చేనులో మనది వంగి, మోసి, తొందరపడి చేసే కదలిక. బరువు లేకుండా, చేతులూపుకుంటూ, మాట్లాడుకుంటూ నడిచేది వేరు. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గిన 701 మందితో చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుకున్నవాళ్లకు నొప్పి మళ్లీ తిరగబెట్టడానికి సుమారు 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులే పట్టింది. నేను పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకు తెచ్చాను. ఖర్చు లేదు.

రెండు, పనిని విడగొట్టుకోవడం. నొప్పి లేని రోజు ఆవేశంగా మొత్తం పని చేసేసి, తర్వాత మూడు రోజులు మంచమెక్కడం మన అలవాటు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, గడియారం చూసి అరగంటకోసారి పని మార్చాలి. వంగే పని కాసేపు, నిలబడే పని కాసేపు. 16 లీటర్ల ట్యాంకు నిండా నింపకుండా పది లీటర్లు పోసుకుని ఇంకో రెండు తిరుగుళ్లు తిరిగినా నష్టం లేదు. అలాగని మంచం పట్టి పడుకోవడమూ మంచిది కాదు. కదలకపోతే కండరం ఇంకా బలహీనపడుతుంది.

మూడు, ఊపిరి. పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, పొట్ట లేచేలా మెల్లగా పీల్చి, అంతకన్నా మెల్లగా వదలాలి. పది నిమిషాలు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. వారం పోయాక భుజాలు సడలడం నాకే తెలిసింది. బిగిసిన ఒంటికి "పాము పోయింది" అని చెప్పడం లాంటిది ఇది.

నాలుగు, నిద్ర. నొప్పికి, నిద్రకు మందని కొంతమంది తాగుతారు. మందు తాగితే కునుకు పడుతుంది గానీ నడిరాత్రి మెలకువ వస్తుంది, నిద్ర చెడుతుంది, పొద్దున నొప్పి పెరుగుతుంది. ఖర్చు సరేసరి.

ఐదు, అప్పును కాగితం మీద పెట్టడం. నాకు బాగా పనికొచ్చింది ఇదే. అప్పులన్నీ బుర్రలోనే పెట్టుకుని రాత్రిళ్లు లెక్క వేసుకునేవాణ్ని. ఒకరోజు మా సంఘం మిత్రుడు నోటుబుక్కు తెచ్చి నన్నూ మా ఇంటామెనూ కూర్చోబెట్టాడు. బ్యాంకుది ఎంత, చేబదులు ఎంత, ఆమె డ్వాక్రా గ్రూపుది ఎంత, పురుగుమందుల కొట్లో ఎంత, ఏది ముందు కట్టాలి, ఏది గడువు అడగొచ్చు, అన్నీ రాశాం. మొత్తం నేననుకున్నదానికంటే ఎక్కువే తేలింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది. ఎంతుందో తెలియని అప్పు రోజుకొక రకంగా భయపెడుతుంది. రాసుకున్న అప్పు అలా పెరగదు. బ్యాంకుకు మనం ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోతే గడువు అడగడానికి ధైర్యమూ ఉంటుంది.

ఆరు, మాట. నొప్పి, దిగులు రెండూ చెప్పుకుంటే కొంత తగ్గుతాయి. ఇంట్లో చెప్పుకోలేని మాట ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి నడుపుతున్న టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచకూడదు.

వీటితో నా నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరి నాటికి సగానికి పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ పక్షం రోజులు నా నడుం మళ్లీ బిగుసుకుంది. కానీ ఈసారి డిస్కు జారిందని భయపడి స్కానింగ్‌కు పరుగెత్తలేదు. ఇది ధర పడిన నొప్పి అని గుర్తుపట్టాను. నడక మానలేదు. మూడు వారాల్లో దారికొచ్చింది. 2024 ఎండాకాలం తర్వాత నేను సూది వేయించుకోలేదు.

ఇంట్లో వినపడని నొప్పి

ఇంతా చదివాక మా ఇంటామెను అడిగాను, నీకెక్కడైనా నొప్పి ఉందా అని. "ఇప్పుడా అడిగేది?" అంది. కల్లంలో గొంతుకూర్చుని తాలు కాయలు ఏరి ఏరి ఆమె మోకాళ్లు ఎనిమిదేళ్లుగా నొప్పి. రోజూ రాత్రి అమృతాంజనం రాసుకుని పడుకునేది. నేను ఆ వాసన చూస్తూనే ఉన్నాను గానీ అడగలేదు. పొలం పని, ఇంటి పని, గ్రూపు వాయిదా, పిల్లల ఫీజు, ఇన్ని బరువులూ మోసే మనిషికి సూది వేయించుకునే తీరిక కూడా లేదు. మిరప కోతలకు, పత్తి తీతకు వచ్చే కూలి మహిళల పరిస్థితి ఇంకా కష్టం. ఈ విషయం మీద సమావేశం పెడితే మగవాళ్లమే కూర్చుని మాట్లాడుకుంటే చాలదు.

"ఊపిరి పీలిస్తే అప్పు తీరుతుందా?"

కొందరు మిత్రులు ఇలా అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. గిట్టుబాటు ధర ఇవ్వకుండా, కౌలుదారుకు రుణం ఇవ్వకుండా, "ఒత్తిడి తగ్గించుకోండి, యోగా చేయండి" అని ఏ ప్రభుత్వమైనా చెబితే దాన్ని మనం ఒప్పుకోకూడదు. రైతు ఒత్తిడికి కారణం రైతు బలహీనత కాదు. అయితే అప్పు తీరేదాకా, ధర వచ్చేదాకా ఈ ఒంటితోనే బతకాలి, ఈ ఒంటితోనే పోరాడాలి. నడుం పట్టేసిన మనిషి ధర్నాకు రాలేడు, కలెక్టరేట్ ముందు రోజంతా కూర్చోలేడు. ఒంటిని చూసుకోవడమూ, కారణాల మీద పోరాడటమూ రెండూ ఒకే పనిలో భాగాలు.

అందుకని మన డిమాండ్లను ఈ కోణం నుంచి కూడా చూడాలని నా అభిప్రాయం.

భూయజమాని సంతకం అక్కర్లేకుండా కౌలు రైతుకు కార్డు ఇవ్వాలి. 2019 చట్టం ప్రకారం ఇచ్చే 11 నెలల పంట సాగుదారు హక్కు పత్రానికి ఆసామి అంగీకారం కావాలి. వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదో, బ్యాంకు అప్పు దొరుకుతుందో లేదో తెలియని స్థితి కంటే పెద్ద ఒత్తిడి కౌలు రైతుకు లేదు.

వ్యవసాయానికి కరెంటు పగటిపూటే ఇవ్వాలి. రాత్రి రెండు గంటలకు లేచి మోటారు దగ్గరకు పోయే రైతుకు నిద్ర గురించి ఎవరు చెప్పినా ఏం లాభం?

బస్తా బరువు తగ్గించాలి. పెద్దవాడైన మగ కార్మికుడు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన కల్లాల్లో 75 కిలోల ధాన్యం బస్తా ఇంకా వీపుకెక్కుతూనే ఉంది. రైతు నడుమే కాదు, హమాలీ నడుం కూడా విరుగుతోంది. ఇది ఇద్దరూ కలిసి అడగాల్సిన డిమాండు.

మండలానికొక ఫిజియోథెరపిస్టునైనా ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టాలి, వారానికొక రోజు ఊళ్లకు పంపాలి. ఆరోగ్య కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే ఉపయోగపడుతున్నాయి. ఆపరేషన్ అవసరం రాకుండా నాలుగు వ్యాయామాలు నేర్పే మనిషి మాత్రం ఊరికి దొరకడం లేదు. పీహెచ్‌సీకి నొప్పని వచ్చిన రైతును నిద్ర గురించి, దిగులు గురించి అడిగి వినే ఏర్పాటు ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మన శాఖలు ఈ నెలలోనే మూడు పనులు చేయొచ్చు. సమావేశం మొదట్లో పది నిమిషాలు ఆరోగ్యం మాట్లాడుకోవడం. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను పిలిచి సభ్యులందరికీ బీపీ, షుగరు చూపించి, సూదులు ఎక్కువగా వేయించుకున్నవాళ్లను కిడ్నీ పరీక్షకు పంపడం. అప్పుల నోటుబుక్కు రాసుకోవడంలో ఒకరికొకరు సాయపడటం.

మా ఊళ్లో వచ్చే సమావేశం మళ్లీ కార్డుల మీదే. ఈసారి ఎజెండాలో మొదటి అంశంగా నొప్పి అని రాశాను. అరుగు మీద కూర్చోలేనివాళ్ల కోసం నాలుగు కుర్చీలు, వాలడానికి ఒక మంచం కూడా వేయిస్తున్నాను. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఆ పెద్దాయనకు ముందుగానే కబురు పంపాను. ఆయన చెప్పేది పూర్తిగా విన్న తర్వాతే కార్డుల సంగతి మొదలుపెడతాం.